సారవ్వ రూపాయి

ఏసుమణికి కోపం రావడం చిల్లవంక పేటలో కొత్తేమీ కాదు. డెబ్బై దాటిన మనిషి. పసుపు తవ్వకానికి కూలికి పోయే రోజుల్లో, గెట్టు మీద గొడుగు కింద కూర్చుని "ఇంకో సాలు, ఇంకో సాలు" అంటూ పొద్దు గూకేదాకా నడుమెత్తనివ్వని రైతు ముందు పార కింద పడేసి, "నీ సాలు నువ్వే తవ్వుకో సామీ" అని ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చేసింది. రేషన్ అంగట్లో తూకంలో మోసముందని తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసింది. అయితే ఆ కోపాలన్నీ సాయంత్రం పొయ్యి వెలిగించేసరికి చల్లారిపోయేవి. చల్లారని కోపం ఆమెకు వచ్చింది ఒక్కసారే, ఈ ఏటి కోతల పండక్కి. అది కూడా అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక ప్లాస్టిక్ డబ్బీ మీద.

చిల్లవంక పేట మైదుకూరు పక్కన, కర్నూలు దావ నుంచి లోపలికి పోతే వస్తుంది. అక్కడి చర్చికి ఆస్తులంటూ పెద్దగా లేవు. రేకుల కప్పు, సున్నం గోడలు, గంటకు బదులు వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క, దాన్ని కొట్టడానికి ఒక ఇనుప కడ్డీ, ఒక హార్మోనియం, ఒక ఇత్తడి పళ్లెం. ఆ పళ్లెంలో ఏడాదికొక్కసారి పడే వెండి రూపాయి ఒకటి. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న పాత రూపాయి అది. అంచున ఉలితో కొట్టిన కోత ఉంది. పేటలో మాటలు నేర్చిన ప్రతి బిడ్డకూ ఆ కోత ఎలా పడిందో తెలుసు.

పెద్ద కరువు పోయిన తర్వాతి ఏళ్ల సంగతి. ఆ రూపాయి సంపాదించిన సారవ్వకు అప్పటికింకా బాప్తిస్మం కాలేదు, నాగి అని పిలిచేవారు. బావి తవ్వేచోట మన్ను మోసి, అణా అణా దాచి, మేస్త్రీ దగ్గర వాటిని ఒక రూపాయిగా మార్చుకుంది. పేటలో అంతకుముందు ఎవరి చేతిలోనూ రూపాయి చూసినవాళ్లు లేరు. జొన్నలు కొందామని ఊళ్లో షావుకారు అంగడికి పోయింది. ఆయన రూపాయిని చూశాడు, ఆమెను చూశాడు. నీకెక్కడిదే అని అడగను కూడా అడగలేదు. ఉలి తెప్పించి, నలుగురూ చూస్తుండగా అంచు మీద ఒక్క దెబ్బ వేశాడు. లోపల కూడా వెండే. అక్కడితో ఊరుకున్నాడా మహానుభావుడు? కోత పడ్డ రూపాయికి పూర్తి జొన్నలు రావు, ముప్పావలా జొన్నలే కొలుస్తానన్నాడు! కోసింది ఆయనే, కోత పడింది కాబట్టి విలువ తగ్గిందన్నదీ ఆయనే. ఇంతకన్నా ఘోరం ఎక్కడైనా ఉందా? సారవ్వ జొన్నలు తీసుకోలేదు. రూపాయి వెనక్కి అడిగి తీసుకుని, నోరెత్తకుండా ఇంటికొచ్చి, ఆ పూట పిల్లలకు గురుగాకు ఉడికించి పెట్టింది.

ఆ తర్వాత పేటలో బోదకప్పుతో మొదటి గుడి లేచింది. మొదటి కోతల పండక్కి అందరూ జొన్న కంకులో, గుమ్మడికాయో, కోడినో తెచ్చుకుంటే, సారవ్వ నిలబడి, ఆ రూపాయిని గుండెల ఎత్తున పట్టుకుని పళ్లెంలోకి వదిలింది. ఖంగుమంది. చివరి వరసలో కూర్చున్నవాళ్లు కూడా విన్నారు. ఉలి దెబ్బ తిన్నా దాని గొంతు పోలేదని అందరికీ తెలిసిపోయింది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆగాకే ఎవరో పాట ఎత్తుకున్నారు.

అప్పటి నుంచి అదే అలవాటు. కోతల పండగ నాడు పేటలో అందరికన్నా పెద్ద వయసున్న ఆడమనిషి లేచి ఆ రూపాయిని పళ్లెంలో వదులుతుంది. మోత వినబడాలి, మోత ఆగాలి, అప్పుడే పాట. ఆరాధన అయ్యాక ఆమే దాన్ని తీసి, గుడ్డలో చుట్టి, ప్రభుభోజనం పాత్రలుండే పెట్టెలో దాస్తుంది. దాన్ని మగవాళ్లు ముట్టరు. చింతపండు పెట్టి తోమరు. కొంగుతో తుడుస్తారు, అంతే. అందుకే అది నల్లగా, రాణి ముఖం సగం అరిగి, కోత మాత్రం నిన్న పడినట్టు ఉంటుంది.

నిరుటి దాకా ఆ పని ఏసుమణి తోటికోడలు రూతమ్మది. ఆమె ఈ వానాకాలంలో పోయింది. సమాధి దగ్గర మన్ను వేసి వస్తూ ఎవరో "ఇంగ రూపాయి నీ చేతికొచ్చిందిలే ఏసుమణక్కా" అన్నారు. ఏసుమణి ఏడుస్తూనే ఆ మాట విన్నది. విని దాచుకుంది.

ఎందుకు దాచుకోదు? ఆమె పేరు మీద సెంటు పొలం లేదు. ఇల్లు కొడుకు పేరున ఉంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె అందరి కోసం ఆగింది: కూలి ఇచ్చే రైతు కోసం, తాగి వచ్చే మొగుడి కోసం, ఆసుపత్రిలో డాక్టరు కోసం. ఆమె కోసం ఎవరూ ఆగలేదు. చెయ్యెత్తితే బస్సు కూడా ఆగలేదు. అటువంటి మనిషి చెయ్యి కోసం చర్చి నిండా ఉన్న జనం ఊపిరి బిగబట్టుకుని ఆగే ఘడియ ఒకటి ఉంది. ముసలితనం కోసం ఎదురుచూసిన ఆడది లోకంలో ఉంటుందా అంటే, చిల్లవంక పేటలో ఉంటుంది.

ఇక వసంతకుమార్. రూతమ్మ కొడుకు, ఏసుమణికి బావగారి కొడుకు. మైదుకూరు హైస్కూల్లో సోషల్ మాస్టరు, చర్చి కమిటీకి సెక్రటరీ. చెడ్డవాడు కాడు. ఆ మాట ఏసుమణి ఎంత కోపంలో ఉన్నా ఒప్పుకుంటుంది. వాళ్లమ్మ పోయిన నెలకు కడపలో చర్చిల చరిత్ర మీద ఏదో సభ పెడితే, వసంతకుమార్ పోయి సారవ్వ రూపాయి గురించి చదివాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "దీనికి ఆధారమేమైనా ఉందా మాస్టారూ? పేటకొక కథ ఉంటుంది లెండి" అన్నాడు. సభలో నవ్వారు. అంతమంది విశ్వాసులు, అంత తెల్ల చొక్కాలు, నవ్వారు.

ఆ సంగతి వచ్చి చెప్పినప్పుడు ఏసుమణికి కూడా ఒళ్లు మండిపోయింది. "వాళ్ల నోట్లో మన్ను పడ. నువ్వేం చెప్పినావు మరి?" అంది.

"ఏం చెప్పాల చిన్నమ్మా? నా దగ్గర కాగితం లేదు కదా."

ఆ కాగితం పిచ్చి అక్కడ పట్టుకుంది వాణ్ణి. కర్నూల్లో నాణేల ప్రదర్శన పెడుతున్నారని పేపర్లో చూశాడు. అక్కడ ఒక కంపెనీవాళ్లు బల్ల వేసుకుని కూర్చుంటారట. పాత నాణెం ఇస్తే పరీక్షించి, అసలుదో నకిలీదో తేల్చి, ఎంత బాగుందో చూసి బడిపిల్లలకు వేసినట్టు గ్రేడు వేస్తారట. లోకంలో ఏ మూలకు పోయినా ఆ గ్రేడు మాటకు తిరుగులేదట.

"ఒక్క సర్టిఫికెట్ తెచ్చుకుంటే జాలు చిన్నమ్మా. ఇంగ ఎవురూ నోరెత్తరు."

"రూపాయి గుడి దాటి యాడికీ పోగూడదురా."

"నువ్వే తీసుకోని రా. నీ కొంగులోనే ఉంటాది. వాళ్లు చూసి రాసిస్తారు, అంతే."

"పండగలోపల నా చేతికి రావాల."

"వస్తాది. నాది పూచీ."

అబద్ధమేమీ చెప్పలేదు. నిజంలో సగం చెప్పాడు. ఈ చదువుకున్నవాళ్లకు ఆ విద్య బాగా అబ్బుతుంది.

తెల్లవారి బస్సుకు బయల్దేరి ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు చేరారు. దారి పొడుగునా ఏసుమణి ఎడమ చెయ్యి కొంగుముడి మీదే ఉంది. ప్రదర్శన ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్లికూతురు కూర్చునే ఎర్ర సోఫాను మూలకు నెట్టి, వరసగా బల్లలు వేశారు. అద్దాల కింద నవాబుల నాణేలు, నిజాం నాణేలు, చిల్లులు పడ్డ కానీలు, ఎప్పుడో చెలామణీ ఆగిపోయిన నోట్లు. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, ఊరికే చూసేవాళ్లు. ఏసుమణి నోరు తెరుచుకుని చూసింది. "ఇన్ని దుడ్లు ఉండి ఒకటీ జొన్నలకు పనికిరావు కదరా" అంది. వసంతకుమార్ నవ్వాడు. ఆ రోజు వాళ్లిద్దరూ కలిసి నవ్వింది అదొక్కసారే.

గ్రేడింగ్ బల్ల చివర ఉంది. దాని వెనక మెడలో కార్డు వేసుకున్న కుర్రవాడు, చేతులకు తెల్ల గ్లౌజులు, ముందు నల్ల మఖమల్ గుడ్డ, దీపం, భూతద్దం. ఏసుమణి ముడి విప్పి రూపాయి తీయగానే అతను ఉలిక్కిపడ్డాడు.

"అమ్మా, అమ్మా! అట్లా పట్టుకోకూడదు. అంచులు పట్టుకోవాలి. ముఖం మీద వేలు పడితే పాడవుతుంది."

ఏసుమణి వేళ్ల మధ్య రూపాయి అలాగే ఆగిపోయింది. సారవ్వ వేలు, ఆమె తర్వాతి ముసలివాళ్లందరి వేళ్లు, రూతమ్మ వేలు పడిన ముఖం అది. పడీపడీ రాణిగారి ముక్కు అరిగింది. పాడవుతుందట! ఏదో అనబోయి, వసంతకుమార్ ముఖం చూసి మింగేసింది.

కుర్రవాడు రూపాయిని దీపం కింద తిప్పి చూశాడు. "ఎప్పుడూ తోమలేదు కదా? మంచి పని చేశారు. చాలామంది తోమి చెడగొట్టుకుని వస్తారు" అన్నాడు. ఏసుమణికి కాస్త ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే అతను భూతద్దం అంచు దగ్గర ఆపాడు. "అయ్యో, కోత ఉందే! వెండి అవునో కాదో అని పూర్వం ఇట్లా కొట్టి చూసేవాళ్లు. అనుమానమొచ్చి కోసుంటారు."

"వెండి మింద కాదప్పా అనుమానం" అంది ఏసుమణి. "మా మింద."

కుర్రవాడికి అర్థం కాలేదు. పాపం, అతనికి అర్థమయ్యే సంగతీ కాదు. పుస్తకంలో ఏదో రాసుకుంటూ వసంతకుమార్‌తో మెల్లగా, "సార్, ఒరిజినలే. కానీ కోత ఉంది కాబట్టి మామూలు గ్రేడు రాదు, డ్యామేజ్ అని వస్తుంది. ఫర్వాలేదా?" అన్నాడు. వసంతకుమార్ ఫర్వాలేదన్నాడు. ఆ మాట ఏసుమణి చెవిన పడకుండా అన్నాడు.

రూపాయి ముంబై పోవాలని, అక్కడ పరీక్షించి కొరియర్లో పంపుతారని అప్పుడు తెలిసింది ఆమెకు. గుడ్డ మీది రూపాయిని తీసి మళ్లీ గుప్పిట్లో బిగించింది. "రాసిస్తారంటివి కదరా ఈడనే?" అంది. వసంతకుమార్ బతిమాలాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. కడప సభలో వాడు తలదించుకుని ఎలా నిలబడి ఉంటాడో ఏసుమణి కళ్ల ముందు మెదిలింది. యారాలు రూతమ్మ కొడుకు, తల్లి పోయిన పిల్లవాడు అనుకుంది. మఖమల్ గుడ్డ మీద రూపాయిని తనే మళ్లీ పెట్టింది. ఆ పెట్టిన చేతిని తర్వాత ఎంత తిట్టుకుందో లెక్కలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఆగిన ప్రతిచోటా ఆమె చెయ్యి కొంగుముడి వెతుక్కుంది. ముడిలో ఏమీ లేదు.

వారాలు గడిచాయి. పసుపు తవ్వారు, ఉల్లి పీకారు, పండగ దగ్గరపడింది. ఏసుమణి రోజూ "వచ్చెనా?" అనడం, వసంతకుమార్ "వస్తాది" అనడం. చివరికి పండగ ముందు రోజు సాయంత్రం వచ్చాడు, ముఖం చాటంత చేసుకుని. "చిన్నమ్మా, కండ్లు మూసుకో" అని ఆమె చేతిలో పెట్టాడు.

కళ్లు తెరిచి చూస్తే ప్లాస్టిక్ డబ్బీ. గట్టిది, పలక లాంటిది, ఎక్కడా మూత లేదు, కీలు లేదు. నడుమ రూపాయి. పైన తెల్ల చీటీ మీద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. ఏసుమణి గోటితో గీకింది. తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు.

"ఇది తీసేదెట్లరా?"

"తీయగూడదు చిన్నమ్మా. జన్మలో తీయగూడదు. పగిలితే సర్టిఫికెట్ చెల్లదు. ఇప్పుడు దానికి గాలి తగలదు, చెయ్యి తగలదు. అద్దాల బీరువా చేయిస్తాండా. లైటు పెడతాం. ఎవురొచ్చినా చూపిస్తాం."

"రేపు నేను వదలాల్సింది ఏంది?"

"దీన్నే పళ్లెంలో పెట్టు. లోపల ఉండేది అదే కదా."

ఏసుమణి తన కోడలు ప్రేమజ్యోతి చేతికి డబ్బీ ఇచ్చి, "ఆ చీటీలో ఏం రాసినారో చదువు" అంది. ప్రేమజ్యోతి ఆశా వర్కరు, మందుల మీది ఇంగ్లీషు చదవగలదు. రాణి పేరు చదివింది, ఏడాది చదివింది, తర్వాత ఆగింది.

"చదువు."

"అసలైన రూపాయేనంట అత్తా." ఇంకో మాట ఉంది. ప్రేమజ్యోతి వసంతకుమార్ వైపు చూసింది. "దెబ్బ తినిందంట. పాడైపోయిందని రాసినారు."

ఇల్లు లేచిపోయేలా అరుస్తుందనుకున్నారు. అరవలేదు. గొంతు తగ్గించి అంది.

"ఆ పొద్దు షావుకారు కోసె, కోసి ముప్పావలా అనె. వీళ్లేమో ఆ కోత చూసి పాడైపోయిందని రాసిరి. ఇంగ నువ్వు దాన్నే అద్దంలో పెట్టి లైటేసి చూపిస్తానంటివి. మా రూపాయికి ఎన్నిసార్లు పరీక్ష పెడతార్రా? ఎంతమందికి చూపించుకోవాల మేము?"

"అట్ల కాదు చిన్నమ్మా. అసలుదేనని కూడా రాసినారు కదా. అది చూడు."

"అసలుది కాదని ఎవురన్నారు? మీ అమ్మ అనిందా? నేనంటినా? అనింది నీ కడపోళ్లు. వాళ్ల కోసరం మా గొంతు పిసికితివి కదరా."

పాస్టరు యేసుప్రసాద్ గారిని పిలుచుకొచ్చారు. నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించడు, అందుకే ఎవరికీ ఉపయోగపడడు. డబ్బీని అటూ ఇటూ తిప్పి, "రేపటికి ఇట్లాగే కానిద్దామమ్మా. తరువాత కమిటీలో కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

"మోగేదెట్లయ్యా?"

"దేవుడు హృదయాన్ని చూస్తాడమ్మా."

"దేవుడు చూస్తాడులే. పేట ఇనాలా, వద్దా?"

ఆయన ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. వసంతకుమార్ కూడా తలదించుకుని పోయాడు. డబ్బీ ఏసుమణి ఒళ్లో మిగిలింది. ప్రేమజ్యోతి రోలు దగ్గర్నుంచి బండ తెచ్చి, "అత్తా, ఒక్కటేస్తే ఊడొస్తాది. నేనేస్తా చూడు" అంది.

"వద్దు" అంది ఏసుమణి. "నేనెందుకు పగలగొట్టాల? నేను మూసినానా?"

పొద్దున్నే రైలుపట్టా గంట మోగింది. చర్చి నిండిపోయింది. బలిపీఠం ముందు పసుపు కొమ్ములు, ఉల్లిగడ్డల బుట్టలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఎవరో తెచ్చిన మేకపిల్ల. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు కాబట్టి పిల్లలు అప్పుడే మేకపిల్ల మీద కన్నేశారు. ఏసుమణి కొత్త చీర కట్టుకుంది. ముందు వరసలో కూర్చుంది. చేతిలో డబ్బీ. వసంతకుమార్ మగవాళ్ల వైపు చివర కూర్చున్నాడు.

పాస్టరు కీర్తన చదివాడు, ప్రార్థించాడు, ఆమె వైపు తలూపాడు. ఏసుమణి లేచింది. ఎన్నేళ్లుగా మనసులో లేచిందో అలాగే లేచి, నడిచి, ఇత్తడి పళ్లెం ముందు నిలబడింది. ఊపిరి బిగబట్టుకున్న చర్చి ఆమె వీపుకు తెలుస్తూనే ఉంది. ఈ ఘడియ కోసమే కదా! డబ్బీని గుండెల ఎత్తున పట్టుకుని వదిలింది.

టప్‌మంది.

ఇత్తడి మీద ప్లాస్టిక్ పడ్డ చప్పుడు. అప్పుడే ఆగిపోయింది కూడా.

హార్మోనియం ముందు శామ్ కూర్చున్నాడు. అతని వేళ్లు మెట్ల మీద ఉన్నాయి. కదలలేదు. డోలక్ కొట్టేవాడి చెయ్యి గాల్లో ఉంది. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, అందరూ చెవులు రిక్కించుకుని అలాగే ఉన్నారు. పాస్టరు, "పాడుకుందాం" అన్నాడు. ఎవరూ పాడలేదు. "శామ్, పాట నాయనా" అన్నాడు మళ్లీ.

"ఇంగా మోగలేదు కదయ్యా" అన్నాడు శామ్. ఎదురు చెప్పాలని కాదు. పుట్టినప్పటి నుంచి మోత విన్నాకే పాడిన గొంతు. మోత లేకుండా ఎలా ఎత్తుకోవాలో నిజంగానే అతనికి తెలియదు. అందరిదీ అదే అవస్థ. ముందే మాట్లాడుకున్నది లేదు, అలిగింది లేదు. వాళ్లకు పాట రాలేదు, అంతే.

కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. మేకపిల్ల అరిచింది. పాస్టరు చెమట తుడుచుకున్నాడు. ఏసుమణి పళ్లెంలోంచి డబ్బీ తీసింది, వెనక్కి తిరిగింది.

"రే వసంతా. ఇట్ల రా."

వసంతకుమార్ లేచి వచ్చాడు.

"నువ్వు మూయిచ్చినావు. నువ్వే తెరువు."

"చిన్నమ్మా, అందరి ముందరా..." గొంతు తగ్గించాడు. "తెరిస్తే ఇంగ ఆ సర్టిఫికెట్ ఉండదు. ఎవురూ నమ్మరు."

"నమ్మనోళ్ల కోసరం ఇచ్చిందా సారవ్వ?" ఆమె గొంతు మాత్రం తగ్గలేదు. చివరి వరస దాకా పోయింది. "ఆ పొద్దు అంగట్లో ఆయమ్మ నోరు మూసుకోని వచ్చె. ఎందుకు మూసుకొనెనో నీకు తెల్సు, నాకు తెల్సు. నోరు మూసుకోని వచ్చినామె ఈడ, ఈ పళ్లెంలో మాట్లాడింది. నువ్వొచ్చి ఆ నోరు ప్లాస్టిక్కు పెట్టి మూసినావు. పోయినేడు మీ అమ్మ చెయ్యి వణుకుతాంటే పక్కన నిలబడి మోత ఇన్లేదా నువ్వు? ఆ పొద్దు కాగితం అడిగినావా మీ అమ్మను?"

వసంతకుమార్ డబ్బీ తీసుకుని బయటికి నడిచాడు. వేపచెట్టు కింద గంట కొట్టే ఇనుప కడ్డీ తీసుకున్నాడు. చర్చి మెట్టు మీద డబ్బీ ఆనించి, రూపాయికి తగలకుండా మూల మీద కొట్టాడు. పగల్లేదు. మళ్లీ కొట్టాడు. లోపల అందరూ ఆ దెబ్బలు వింటున్నారు. చివరికి పెళుక్కుమని విరిగింది.

పేటలో మగవాళ్లెవరూ ముట్టని రూపాయి వాడి అరచేతిలోకి వచ్చింది. అంచులు పట్టుకోవాలన్న సంగతి మరిచిపోయాడు. బొటనవేలితో ఆ కోతను తడిమాడు. బడిలో చరిత్ర చెప్పేవాడు, సభలో ఆ కోత గురించి పేజీలు చదివినవాడు, దాని లోతు ఎంతో వాడికి అప్పుడే తెలిసింది. లోపలికి వచ్చి చిన్నమ్మ చేతిలో పెట్టేటప్పుడు వాడి కళ్లు తడిగా ఉన్నాయి. ఏసుమణి వాటిని చూసింది కానీ జాలిపడలేదు. కొంగుతో రూపాయి తుడిచింది. గుండెల ఎత్తున పట్టుకుంది. వదిలింది.

ఖంగుమంది. రేకుల కప్పు దాకా లేచి, చివరి వరసను దాటి, వేపచెట్టు దాకా పోయింది. అందరూ దాన్ని ఆఖరి దాకా విన్నారు. శామ్ వేళ్లు కదిలాయి, పాట వరదలా వచ్చింది. ఏసుమణి పాడలేదు. నిలబడి విన్నది.

ఆరాధన అయింది, వేలం అయింది, మేకపిల్ల ఎవరింటికో పోయింది. ఏసుమణి రూపాయిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, తాళం వేసి బయటికి వచ్చింది. మెట్ల మీద ప్లాస్టిక్ ముక్కలు అలాగే ఉన్నాయి. వసంతకుమార్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"చూస్తా నిలబడుకున్నావేంది? పిల్లోళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయి. పరక తీసుకోని ఊడ్చు."

వసంతకుమార్ ఊడ్చాడు. హైస్కూలు మాస్టరు, కమిటీ సెక్రటరీ, ఇస్త్రీ ప్యాంటు మడుచుకుని కూర్చుని ముక్క ముక్క ఏరాడు. దుమ్ములో తెల్ల చీటీ దొరికింది. అక్షరాలు చెక్కుచెదరలేదు. పారేయడానికి చెయ్యి రాలేదు. "దీన్నేం చేద్దాం చిన్నమ్మా?" అని మెల్లగా అడిగాడు.

ఏసుమణి దాన్ని చేతిలోకి తీసుకుంది. చదవడం రాదు. దెబ్బ తినిందని రాసిన చోటు ఏదో ప్రేమజ్యోతి వేలు పెట్టి చూపించింది, అది గుర్తుంది. ఆ మాట కింద గోటితో ఒక్క గీటు గీసి, తిరిగి వాడి చేతిలో పెట్టింది.

"ఆ షావుకారు ముని మనవళ్లు యాడ ఉండారో కనుక్కో. పోయి వాళ్ల చేతిలో పెట్టి రా. మీ ముత్తాత చేసిన పనికి ఇన్నాళ్లకు సర్టిఫికెట్ వచ్చిందని చెప్పు."